ఊరి వాటర్‌షెడ్ కమిటీలను వంక స్థాయి సమాఖ్యలో కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో వాటర్‌షెడ్ కమిటీలను (ఒక వంకకు నీరు చేరే భూమిలో వాన నీటిని, మట్టిని నిలిపే పనులు చూసే ఊరి కమిటీలను) కలిపి ఒక పెద్ద సంస్థగా చేద్దామన్న మాట ఎత్తిన ప్రతిచోటా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఈ వారం ఒక ఊరి రచ్చకట్ట మీద విన్న ప్రశ్ననే వచ్చే వారం పక్క ఊరి బడి ఆవరణలో వింటున్నాను. అందుకే అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలను ఉంచి, ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నగా చదువుకునేలా జవాబులు రాశాను. నా అభిప్రాయం ముందే చెప్పడం న్యాయం: కలవడం మంచిదేనని నేను నమ్ముతాను, కానీ నీటి లెక్క, వంక మొత్తానికి ప్రణాళిక పై సంస్థకు వెళ్ళాలి, ఊరి నిధి, ఊరి పనుల ఎంపిక, మరమ్మతు అధికారం ఊళ్ళోనే ఉండాలి.

## ఇంకా ఆలోచిస్తున్నవారికి

విలీనమంటే మా ఊరి కమిటీని ఎత్తేస్తారా?

ఏ పద్ధతిలో కలుస్తున్నారన్న దానిని బట్టి ఉంటుంది. మూడు వేర్వేరు పద్ధతులను ఒకే మాటతో పిలవడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది. మొదటిది సమాఖ్య: ఊరి కమిటీ తన పేరు, ఖాతా, తీర్మానాల పుస్తకంతో అలాగే కొనసాగుతుంది, ఒకే వంక పొడవునా ఉన్న కమిటీలు తమ ప్రతినిధులను పంపి పైన ఒక సంఘాన్ని ఏర్పాటు చేసుకుంటాయి. రెండవది పూర్తి విలీనం: ఊరి సంఘం రిజిస్ట్రేషన్ ముగిసి, ఆస్తులు అప్పులతో సహా అంతా కొత్త సంస్థకు చేరుతుంది. మూడవ పద్ధతిలో కమిటీ పేరుకు ఊళ్ళోనే ఉంటుంది గానీ నిర్ణయాలన్నీ జిల్లా కార్యాలయానికి మారిపోతాయి. దీన్ని ఎవరూ విలీనమని పిలవరు, ఫలితం మాత్రం అదే. గ్రామసభలో ఎవరైనా “కలుపుదాం” అన్నప్పుడు ఈ మూడింటిలో ఏది అని ముందుగా అడగండి. నేను సిఫారసు చేసేది సమాఖ్యనే.

ఉన్నది బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడు కలపాల్సిన అవసరమేమొచ్చింది?

ఊరికొక కమిటీ అన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫారసుల మీద 1995 ఏప్రిల్ నుంచి అమలైన మార్గదర్శకాలు ఒక్కో వాటర్‌షెడ్‌ను 500 హెక్టార్లుగా, అంటే సుమారు 1,235 ఎకరాలుగా తీసుకున్నాయి. హెక్టారుకు 4,000 రూపాయల చొప్పున ఒక్కోదానికి 20 లక్షలు వచ్చేవి. 2008 నాటి ఉమ్మడి మార్గదర్శకాలు ఆ విస్తీర్ణాన్ని 1,000 నుంచి 5,000 హెక్టార్ల సముదాయంగా మార్చాయి. ఎందుకు మార్చారంటే, నీరు 500 హెక్టార్ల హద్దు దగ్గర ఆగదు కాబట్టి.

ఒక చిన్న లెక్క వేద్దాం. 500 హెక్టార్ల మీద 40 మిల్లీమీటర్ల వాన పడితే మొత్తం రెండు లక్షల ఘనపు మీటర్ల నీరు పడినట్టు. అందులో పదో వంతు పారిందనుకుంటే వంకలోకి వచ్చేది 20,000 ఘనపు మీటర్లు. ఒక్కొక్కటి 2,000 ఘనపు మీటర్లు పట్టే చెక్‌డ్యాంలు ఆ వంక మీద పది ఉండి, అన్నీ ఎండి ఉంటే, ఆ పారుదల మొత్తం అక్కడే నిలిచిపోతుంది. కింది చెరువుకు చుక్క చేరదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వాన మాత్రమే ఉన్న ఈ సీమలో వంక పారేంత వాన ఏడాదిలో ఎన్నిసార్లు పడుతుందో రైతులకు నేను చెప్పనక్కర లేదు.

నేను పనిచేసిన ఒక వంక మీద ఇదే జరిగింది. ఎగువ ఊరి కమిటీ నాలుగేళ్ళలో చాలా మంచి పని చేసింది: గుట్ట మీద కందకాలు, వాలులో రాతికట్టలు, వంకలో చెక్‌డ్యాంలు. అక్కడి బోర్లలో నీరు పెరిగింది. కింది ఊరికి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన నన్ను చెరువు మరవ (నిండిన చెరువు నీరు పొంగి పోయే చోటు) దగ్గరికి తీసుకెళ్ళి, రాయి మీద తెల్లటి సున్నపు చారను వేలితో చూపించారు. చెరువు చివరిసారి మరవ పారినప్పటి గుర్తు అది. “వాళ్ళు తప్పు చేశారని నేను అనను సార్, మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది” అన్నారు. రెండు కమిటీలూ నియమాల ప్రకారమే పనిచేశాయి, రెండింటి లెక్కలూ సరిగానే ఉన్నాయి. ఆ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసేవారు మాత్రం ఎవరూ లేకపోయారు.

కింది ఊళ్ళకు మేలు సరే, ఎగువ ఊరైన మాకు దీనివల్ల ఏం ఒరుగుతుంది?

న్యాయమైన ప్రశ్న. ఎగువ ఊళ్ళను త్యాగం చేయమని అడిగే సమాఖ్య ఎంతో కాలం నిలవదు. మిట్ట నుంచి పల్లానికి రావాలన్నది వాటర్‌షెడ్ పనికి మొదటి సూత్రం. ఆ లెక్కన గుట్ట వాలుల్లో చేసే పనికి ఎక్కువ నిధి కావాలి, కానీ ఎగువ ఊళ్ళలో సాగు భూమి తక్కువ కాబట్టి రైతు వాటా తక్కువ పోగవుతుంది. సమాఖ్యలో కింది ఆయకట్టు రైతులు కూడా ఎగువ కందకాల మరమ్మతుకు వాటా వేయడం న్యాయమని తీర్మానించుకోవచ్చు. మీరు చేరే ముందు అడగవలసింది అదే.

రెండో లాభం నిపుణుల సహాయం. 20 లక్షల ప్రాజెక్టుకు ఒక భూగర్భ జల నిపుణుణ్ణి పెట్టుకోలేం. 2021లో మొదలైన ప్రధానమంత్రి కృషి సించాయి యోజన రెండో విడత వాటర్‌షెడ్ పనుల్లో మైదాన ప్రాంతానికి హెక్టారుకు 22,000 రూపాయల వరకు లెక్క కట్టారు. 5,000 హెక్టార్లకు అది 11 కోట్లు. ఆ స్థాయిలో సర్వే, నీటి లెక్క, పని నాణ్యత తనిఖీ సరిగా చేయించుకునే వీలుంటుంది.

హద్దు మండలం ప్రకారం పెట్టుకుంటే ఆఫీసులకు సులువు కదా?

ఆఫీసులకు సులువే, నీటికి కాదు. మన జిల్లాలోనే చూడండి. రాయదుర్గం, కణేకల్లు వైపు పడిన వాన హగరి నదిలోకి, అక్కడి నుంచి తుంగభద్ర ద్వారా కృష్ణలోకి పోతుంది. పెన్నహోబిలం దగ్గర మాత్రం అది పెన్నా నీరు. ఒకే జిల్లాలో రెండు నదుల పరివాహకాలున్నాయి. చిత్రావతి కర్ణాటకలోని చిక్కబళ్ళాపుర జిల్లాలో పుట్టి, పుట్టపర్తి, ధర్మవరం మీదుగా వచ్చి కడప జిల్లా గండికోట వద్ద పెన్నాలో కలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగినప్పుడు గీత మళ్ళీ మారింది, వంకలు మారలేదు. కాబట్టి హద్దును వంక ప్రకారం గీసి, ఆ వంక రెండు మండలాల్లో ఉంటే ఇద్దరు ఎంపీడీవోలనూ సమావేశానికి పిలవండి. గీత గీసేటప్పుడు కంప్యూటర్ పటంతో సరిపెట్టుకోకుండా, వాన పడిన మరుసటి రోజు మిట్ట మీదికి ఎక్కి నీరు ఎటు విడిపోతుందో ఊరి పశువుల కాపరితో కలిసి చూడండి. నాకు తెలిసి ఇంతకంటే మంచి సర్వే లేదు.

మా చెరువు, మా కట్ట. బయటివాళ్ళకు ఇందులో ఏం పని?

ఈ మాట వెనుక చాలా పాత అనుభవం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సీమలో చెరువు కట్ట బాగోగులు చూసేవారికి దశబంధం మాన్యాలుండేవి. ఆ భూమి అనుభవిస్తున్నందుకు కట్ట, తూము, మరవ బాగు చేయించడం వారి బాధ్యత. 1956 ఇనాముల రద్దు చట్టం తర్వాత భూములు పట్టాలయ్యాయి, బాధ్యత మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గరి 1369 నాటి శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్ళు కట్టారని కూడా చెబుతుంది. ఆనాడూ చెరువును ఒక్క ఊరి శక్తితో కట్టలేదు.

అయినా కట్ట మీద మొదటి మాట ఊరిదే కావాలన్న మీ పట్టుదల సరైనదే. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మరవ ఎత్తు అర అడుగు పెంచితే కింది చెరువు ఆయకట్టు మారిపోతుంది. ఎత్తు, తూము వంటి మార్పులు మాత్రమే సమాఖ్య అనుమతితో జరగాలి. పూడిక, కంపచెట్లు, కట్ట మీది గండ్ల సంగతి ఊరు చూసుకోవాలి.

ఇంతకు ముందు మన ప్రాంతంలో ఇలా ఎక్కడైనా చేశారా?

చేశారు. 2003లో మొదలైన రైతుల యాజమాన్య భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టు అనంతపురం, కర్నూలు, కడపలతో కలిపి ఏడు జిల్లాల్లో నడిచింది. ఊళ్ళో భూగర్భ జల యాజమాన్య కమిటీ, వంక పరివాహకం స్థాయిలో ఆ కమిటీల సమాహారం, ఇలా రెండు అంతస్తులుగా పనిచేసింది. రైతులే వర్షమాపకం చూసి, బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు కూర్చుని ఎంత నీరుందో, ఏ పంటకు ఎంత పోతుందో లెక్క కట్టుకున్నారు. ఊరి కమిటీని రద్దు చేయకుండానే పెద్ద సంస్థ నిలబడగలదని చూపిన ఉదాహరణ అది.

ఇంకోటి 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం. భారీ ప్రాజెక్టుల్లో నీటి వినియోగదారుల సంఘం, దాని మీద డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ అని మూడంచెలు పెట్టింది. నిర్మాణం బాగున్నా ఎన్నికలు సకాలంలో జరగని చోట్ల ఆ సంఘాలు కాగితం మీదే మిగిలాయి. సమాఖ్య బైలాలో (నియమావళిలో) ఎన్నికల తేదీని రాసుకోవడం ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

వేరే దేశాల్లో కలిపినచోట ఏమైంది?

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం 1969లో చట్టం చేసి, 1972 జూలై నుంచి 154 ప్రత్యేక జిల్లాలను (నేల, నీటి పనులు చూసే స్థానిక సంస్థలను) 24 సహజ వనరుల జిల్లాలుగా కలిపింది. 1989లో అవి 23 అయ్యాయి. హద్దులను నదీ పరివాహకాల ప్రకారం గీశారు, పాలకవర్గాలను స్థానికులే ఎన్నుకుంటారు, పన్ను వేసే అధికారం ఉంది. అందుకే అవి ఈనాటికీ నడుస్తున్నాయని నా అంచనా. కెనడాలోని ఒంటారియోలో 1946 చట్టం కింద పుట్టిన నదీ పరివాహకాల పరిరక్షణ సంస్థలు 36 ఉన్నాయి. వాటిని ఏడు ప్రాంతీయ సంస్థలుగా కలపాలని అక్కడి ప్రభుత్వం 2025 అక్టోబరులో ప్రతిపాదించగానే స్థానికుల మాట వినేదెవరన్న ఆందోళన మొదలైంది. మన రచ్చకట్ట మీద వినే ప్రశ్నే అది.

## గ్రామసభ, తీర్మానం దశలో ఉన్నవారికి

సర్పంచ్, కమిటీ కార్యదర్శి సంతకం పెడితే సరిపోతుందా?

సరిపోదు. 2008 మార్గదర్శకాల ప్రకారం వాటర్‌షెడ్ కమిటీని ఏర్పాటు చేసేది గ్రామసభ. ఏర్పాటు చేసినవారి ముందే మార్పు కూడా జరగాలి. దానితో పాటు, కమిటీ సొసైటీగా రిజిస్టరై ఉంటే దాని బైలాలో చెప్పిన కోరం, మెజారిటీ ప్రకారం సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయాలి. బైలా ప్రతి ఎవరి దగ్గరా లేదన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. రిజిస్ట్రార్ కార్యాలయంలో రుసుము కట్టి ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. ఆ నకలు చేతికి వచ్చే వరకు సమావేశం తేదీ ప్రకటించకండి.

పంచాయతీ ఉండగా ఇంకో సంస్థ ఎందుకు? పోటీ కాదా?

పోటీ కాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. రాజ్యాంగం 11వ షెడ్యూలులో మూడో అంశం చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి. అంటే ఇది పంచాయతీల పరిధిలోని పనే. అందుకే ఒక ప్రాజెక్టు ఒకటి కంటే ఎక్కువ పంచాయతీల్లో విస్తరించినా, పంచాయతీకొక కమిటీ విడిగా ఉండాలని 2008 మార్గదర్శకాలు చెప్పాయి. సమాఖ్య ఆ కమిటీల మధ్య ఒప్పందంగా ఉండాలి. ప్రతి ఊరి సర్పంచ్‌కు సమావేశ నోటీసు తప్పనిసరిగా వెళ్ళాలని రాసుకుంటే చాలా అనుమానాలు తీరతాయి.

ఊరికొక ప్రతినిధా, భూమి విస్తీర్ణాన్ని బట్టా?

విస్తీర్ణాన్ని బట్టి పెడితే ఆయకట్టు ఎక్కువ ఉన్న కింది ఊళ్ళే అన్నీ నిర్ణయిస్తాయి. జనాభాను బట్టి పెడితే రోడ్డు పక్కనున్న పెద్ద ఊరిదే పైచేయి అవుతుంది. నేను చూసినంతలో అందరూ ఒప్పుకున్న పద్ధతి ఊరికి సమాన సంఖ్యలో ప్రతినిధులు, అధ్యక్ష పదవి ఎగువ, మధ్య, దిగువ ఊళ్ళ మధ్య వంతులవారీగా తిరగడం.

మహిళా సంఘాలకు, భూమి లేనివాళ్ళకు చోటు ఉంటుందా, లేక బోర్లున్న రైతులే కూర్చుంటారా?

ఊరి కమిటీలో కనీసం పది మంది ఉండాలని, వారిలో సగం మంది పొదుపు సంఘాలు, వినియోగదారుల బృందాలు, ఎస్సీ ఎస్టీలు, మహిళలు, భూమి లేనివారి నుంచి రావాలని 2008 మార్గదర్శకాలు చెప్పాయి. పై అంతస్తుకు వెళ్ళేసరికి ఆ సగం కరిగిపోవడం నేను కళ్ళారా చూశాను: ప్రతి ఊరూ “మండల కేంద్రానికి బండి మీద పోయి రాగలవాళ్ళు” అంటూ ఇద్దరు మగవాళ్ళనే పంపింది. కాబట్టి ఊరికి ఇద్దరైతే ఒకరు మహిళ, నలుగురైతే ఒకరు భూమి లేని కుటుంబం నుంచి అని బైలాలోనే రాయండి. సమావేశాలను వంతులవారీగా ఊళ్ళలోనే, పగటిపూట పెట్టండి. గొర్రెల కాపరులకు గుట్ట మీద కందకాలు తవ్వినప్పుడు మేత దారి పోతుంది, కూలీలకు ఆ పనే జీవనాధారం. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదట ప్రారంభమైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే, ఇక్కడి కూలీలు ఎన్ని వేల కందకాలు తవ్వారో ఏ గుట్టను చూసినా తెలుస్తుంది. పని పట్టిక తయారయ్యే చోట వాళ్ళు లేకపోవడం అన్యాయం.

మా ఊరు వద్దనుకుంటే ఏమవుతుంది?

సమాఖ్య పద్ధతిలో ఏమీ కాదు. మీ కమిటీ ఉన్నట్టే ఉంటుంది. మీ వర్షమాపకం, బోర్ల లెక్కలు మాత్రం ఇస్తామని ఒప్పుకుంటే వంక మొత్తానికి మేలు చేసినవారవుతారు.

## డబ్బు, ఆస్తులు, రికార్డులు

బ్యాంకులో ఉన్న మా వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి పై సంస్థకు పోతుందా?

పోకూడదు. సొంత భూమిలో జరిగిన పనుల విలువలో రైతులు పది శాతం, ఎస్సీ ఎస్టీ, సన్న, చిన్నకారు రైతులు ఐదు శాతం కట్టగా కూడినదే ఈ నిధిలో ముఖ్యభాగం. ఉమ్మడి భూముల్లోని నిర్మాణాల నిర్వహణకే దీన్ని వాడాలి. ఒకరి సొంత పొలంలోని పని మరమ్మతుకు వాడకూడదు. వాడే నియమాలను గ్రామసభ ఆమోదించాలి. తమ ఊరి రైతు కట్టిన రూపాయి తమ ఊరి చెక్‌డ్యాంకే ఖర్చవుతుందన్న నమ్మకం మీదే ఆ వాటాలు వసూలయ్యాయి. సమాఖ్య నడపడానికి ఊళ్ళు ఏడాదికి ఇంత అని విడిగా చందా వేసుకోవాలి.

మా పాత ఖాతా ఉన్న బ్యాంకు పేరే మారిపోయింది. డబ్బు ఉన్నట్టా, పోయినట్టా?

ఉంది. తొంభైలలో మన ఊళ్ళలో చాలా కమిటీల ఖాతాలు శ్రీ అనంత గ్రామీణ బ్యాంకులో తెరిచారు. 2006లో అది రాయలసీమ, పినాకిని గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. 2025 మే 1 నుంచి అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. పాత పాసుపుస్తకం చెల్లదని పారేయకండి, పాత ఖాతా నంబరుతో శాఖలో వెతికించవచ్చు.

రెండేళ్ళకు పైగా లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రాణమవుతుంది; కమిటీ కొత్త తీర్మానం, సంతకందారుల ఆధార్ పత్రాలు ఇస్తే మళ్ళీ తెరుస్తారు. పదేళ్ళు కదలని డబ్బును బ్యాంకు రిజర్వు బ్యాంకు వారి డిపాజిటర్ల నిధికి పంపుతుంది, అయినా అడిగే హక్కు మీకు పోదు; అదే శాఖలో దరఖాస్తు పెట్టుకోవాలి. సంతకందారుల్లో ఒకరు చనిపోయి ఉండడమే ఎక్కువ ఊళ్ళలో ఎదురయ్యే చిక్కు. మరణ ధ్రువపత్రంతో పాటు కొత్త సంతకందారును ఎన్నుకున్న తీర్మానం కావాలి. కలవడానికి ముందే ఈ పని పూర్తి చేసుకోండి.

చెక్‌డ్యాంలు, ఊట కుంటలు ఇక ఎవరి ఆస్తి?

వంక, చెరువు పోరంబోకుల్లో ఉన్నవి ప్రజల ఆస్తి. కమిటీ గానీ సమాఖ్య గానీ వాటికి యజమాని కాదు, సంరక్షకులు మాత్రమే. రైతు పొలంలోని పంట కుంట రైతుదే. విలీన పత్రంలో “ఆస్తులన్నీ కొత్త సంస్థకు బదిలీ” అన్న ఒక్క వాక్యం కనిపిస్తే సంతకం పెట్టకండి. నిర్మాణాల జాబితా, సర్వే నంబరు, ప్రస్తుత స్థితి, నిర్వహణ ఎవరిదన్న నాలుగు వివరాలతో పట్టిక జతచేయమనండి.

రికార్డులకు చెదలు పట్టాయి. ఇప్పుడేం చేయాలి?

ఉన్నవాటితో మొదలుపెట్టండి. ఒక ఊళ్ళో బడి బీరువా కింద దొరికిన సంచిలో ఎం-బుక్కుల (పనుల కొలతల పుస్తకాల) అంచులు చెదలు తినేయగా, మధ్యలో కొలతలు మాత్రం చదవగలిగేలా మిగిలాయి. ఇద్దరు యువకులు ఆ కొలతలు పట్టుకుని వంక వెంట నడిచి ప్రతి నిర్మాణాన్నీ ఫోనులో ఫొటో తీశారు. రెండు రోజుల్లో పూర్తి జాబితా తయారైంది. కనబడని పనులను “స్థలంలో లేదు” అని నిజాయితీగా రాసుకున్నారు. డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ) కార్యాలయంలో ముగింపు నివేదిక నకలుకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టవచ్చు.

పాత కమిటీ చేసిన తప్పుల భారం కొత్త సంస్థ మీద పడుతుందా?

పూర్తి విలీనంలో పడుతుంది, సమాఖ్యలో పడదు. ఏ పద్ధతి అయినా ఒక తేదీని కటాఫ్‌గా పెట్టి, అంతకు ముందరి లెక్కలను గ్రామసభ ముందు చదివి వినిపించండి. మార్చి 31 అయితే ఆడిట్‌కు కూడా సులువు.

## కలిసిన తర్వాత

నీటిమట్టాలు కొలిచేది ఎవరు? అది ఇంజనీర్ల పని కదా?

రైతుల పనే, చాలా సులువైన పని కూడా. ఊరికి నాలుగైదు బోర్లు ఎంచుకుని, మోటారు రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే కొలవాలి. బోరు కేసింగ్ అంచు నుంచి సెన్సరు ఉన్న టేపును మెల్లగా దించితే నీటిని తాకగానే చప్పుడు చేస్తుంది. అక్కడ వేలు పెట్టి అంకె చదవడమే. నెలకొకసారి, ప్రతి నెలా అదే తేదీన, ఎప్పుడూ కేసింగ్ పై అంచు నుంచే కొలవాలి. వర్షమాపకాన్ని పొద్దున ఎనిమిదిన్నరకు చూడాలి, చెట్టు కింద పెట్టకూడదు.

బోరు ఎంత నీరిస్తుందో తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము చాలు. 100 సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు; కరెంటు తొమ్మిది గంటలుంటే రోజుకు 64,800 లీటర్లు తోడినట్టు. ఈ అంకెను ఒక రైతు తానే గుణించి చూసుకున్నప్పుడు ఆయన ముఖంలో కనబడిన మార్పు నాకింకా గుర్తుంది. రెండో రోజు తన తమ్ముణ్ణి, డ్రమ్మును తీసుకుని వచ్చాడు. సమాఖ్య పని ఆ అంకెలన్నింటినీ ఊరి గోడ మీద రంగుతో రాయించడం.

ఇక మా బోర్ల మీద, వరి మీద ఆంక్షలు పెడతారా?

సమాఖ్యకు ఆ అధికారం లేదు. కొత్త బోరు అనుమతి, బోర్ల మధ్య దూరం వంటివి 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ఏర్పడిన అధికారుల చేతిలో ఉన్నాయి. సమాఖ్య చేయగలిగింది లెక్క చూపించడం. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, వేరుశనగకు సుమారు 500 మిల్లీమీటర్ల నీరు కావాలంటే, ఎకరా వరికి దాదాపు 48 లక్షల లీటర్లు, ఎకరా వేరుశనగకు 20 లక్షలు. ముంగారు (ఖరీఫ్) ముగిశాక ఈ లెక్కను ఊరంతా కూర్చుని చూసుకున్న తర్వాత ఏ పంట పెట్టాలన్నది రైతు నిర్ణయమే.

రాత్రి కట్ట తెగితే ఎవరికి ఫోన్ చేయాలి? అనుమతి కోసం ఆగాలా?

ఆగకూడదు. ఇది రాసుకోకుండా కలిసిన చోట ఏం జరుగుతుందో నేను చూశాను. ఒక ఊట కుంట కట్టలో చేయి పట్టేంత గండి పడింది. ఇరవై సంచుల ఇసుకతో ఆగిపోయేది. ఊళ్ళో డబ్బు లేదు, ఖాతా పైన ఉంది, పైన ఉన్నవారు అంచనా పంపమన్నారు. మూడో రోజు మళ్ళీ వాన కురిసి కట్ట సగం కొట్టుకుపోయింది. కింద రెండు ఎకరాల టమోటా మీద ఇసుక మేట వేసింది. ఆ ఇసుకను తట్టలతో ఎత్తిపోస్తూ ఆ పొలం వారి ఇంటి ఆడకూతురు అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి అత్యవసర మరమ్మతుకు ఇంత మొత్తం వరకు ఊరి కమిటీ అధ్యక్షులు, కార్యదర్శి కలిసి వెంటనే ఖర్చు పెట్టవచ్చని, లెక్క పదిహేను రోజుల్లో చూపాలని రాయండి. మొత్తం ఎంతన్నది మీ ఊళ్ళో జేసీబీ గంట అద్దెను బట్టి నిర్ణయించుకోండి.

ప్రాజెక్టు సిబ్బంది వెళ్ళిపోయాక ఈ సమాఖ్యను ఎవరు నడుపుతారు?

ఊరి కమిటీలు నిద్రపోవడానికి అసలు కారణం ఇదే: వాటర్‌షెడ్ బృందం ఉన్నన్నాళ్ళూ పుస్తకాలు వాళ్ళే రాశారు. ఆరేడు ఊళ్ళు కలిస్తే లెక్కలు రాయడానికి ఒక మనిషికి నెలకు కొంత ఇవ్వగలవు, ఒక్క ఊరికి అది భారం. ఆ మనిషి ఆ వంక ఊళ్ళలోని ఆడపిల్లో అబ్బాయో అయితే మేలు. రెండో ఏడాది నుంచే జీతంలో సగం ఊళ్ళ చందాల నుంచి రావాలి. ప్రాజెక్టు చివరి ఏడాది మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

ఎగువ, దిగువ ఊళ్ళకు తగాదా వస్తే తీర్చేదెవరు?

ముందు రెండు ఊళ్ళ నుంచి ఇద్దరిద్దరు, సంబంధం లేని మూడో ఊరి నుంచి ఒకరు కలిసి వంక వెంట నడిచి చూడాలి. కాగితం మీద తెగని విషయాలు మరవ దగ్గర నిలబడితే తెగుతాయి. మొదటి రెండు పెద్ద వానలకు చెక్‌డ్యాంల తలుపులు, అడ్డుపలకలు తీసి ఉంచి కింది చెరువుకు నీరు వదలడం, తర్వాత మూసుకోవడం అన్న ఏర్పాటుకు రెండు పక్షాలు ఒప్పుకున్న సందర్భం నాకు తెలుసు. అడ్డుపలకలు పెట్టుకునే వీలున్న చెక్‌డ్యాం కట్టి ఉంటేనే అది సాధ్యం, కాబట్టి కొత్త డిజైన్లలో దానిని అడగండి.

నచ్చకపోతే తర్వాత బయటికి రావచ్చా?

సమాఖ్య నుంచి రావచ్చు, ఆ దారిని బైలాలో ముందే రాసుకోవాలి: గ్రామసభ తీర్మానం, మూడు నెలల ముందు నోటీసు, అప్పటి వరకు చందా బకాయి చెల్లింపు. పూర్తి విలీనమైతే పాత రిజిస్ట్రేషన్ ముగిసిపోతుంది కాబట్టి తిరిగి రావడమంటే కొత్త సంఘం పెట్టుకోవడమే. బయటికి వచ్చే ఊరికి దాని నీటిమట్టాల పుస్తకాలు, వర్షమాపక లెక్కల అసలు ప్రతులు తిరిగి ఇవ్వాలని, సమాఖ్య నకళ్ళు మాత్రమే ఉంచుకోవాలని ఒక వాక్యం చేర్చండి.